బాల్ జాయింటు ఖర్చు కిరాయిలో ఎక్కడుంది?



సికింద్రాబాద్‌లో బండి సామాను కావాలంటే అందరి కాళ్లూ రాణిగంజ్ వైపే సాగుతాయి. బేరింగులు, బెల్టులు, బ్రేకు లైనింగులు, నట్లు, బోల్టులు అన్నీ అక్కడ దొరుకుతాయి. పొద్దున దుకాణాలు తెరిచిన వేళ విడిభాగాల కౌంటరు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఎవరో ఒక పికప్ డ్రైవరు పాత గుడ్డలో చుట్టిన ఇనుప ముక్క ఒకటి తెచ్చి కౌంటరు మీద పెడతాడు. రబ్బరు బూటు చినిగి, లోపలి గ్రీజు మట్టితో కలిసి గట్టిపడి, మెడ దగ్గర తుప్పు పట్టిన బాల్ జాయింటు అది. "ఇదెంతన్నా?" అని అడుగుతాడు. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ధర చెప్పకుండా ఎదురు ప్రశ్నలు వేస్తాడు. "ఏ బండి? ఏ సాలు మోడలు? పైదా, కిందిదా? కంపెనీది కావాల్నా, మామూలుది చాలా?"

ఆ ప్రశ్నలకు సరైన జవాబులు తెలిసినవాడికి డబ్బు మిగులుతుంది. తెలియనివాడు ఒకే జాయింటుకి రెండుసార్లు ఖర్చు పెడతాడు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ ఖర్చు గురించే. జాయింటు ధర, మెకానిక్ కూలి, అలైన్‌మెంటు, అరిగిన టైర్లు, బండి షెడ్డులో నిలబడ్డ రోజులు అన్నీ కలిపి లెక్క వేద్దాం. ఆ డబ్బు ఇవాళ ఎవరి జేబులోంచి పోతోంది, న్యాయంగా ఎవరి లెక్కలోకి రావాలి అన్నది కూడా చూద్దాం. బోయిన్‌పల్లి మార్కెట్‌కి తెల్లవారక ముందే కూరగాయలు దించే బండ్లూ, మోండా మార్కెట్ నుంచి కిరాణా సరుకు మోసే బండ్లూ, ఇల్లు మారేవాళ్ల సామాను ఎక్కించుకునే బండ్లూ చాలావరకు సొంత బండ్లు. నడిపేవాడే ఓనరు. నెల తిరిగేసరికి ఫైనాన్సు కిస్తీ కట్టాలి. అలాంటి మనిషికి ఐదారు వేల మరమ్మతు అంటే మామూలు విషయం కాదు.

అసలు మీ బండికి బాల్ జాయింట్లు ఉన్నాయా అన్నది మొదట తేల్చుకోవాలి. 2005లో వచ్చిన టాటా ఏస్‌ని తీసుకోండి. మన వీధుల్లో చోటా హాథీ అని పిలిచే బండి. దాని ముందు భాగంలో రెండు చక్రాల మధ్య ఒకే గట్టి యాక్సిల్ ఉంటుంది, కింద కమాన్ కట్టలు ఉంటాయి. చక్రం పక్కలకు తిరిగేది కింగ్ పిన్ను మీద. అక్కడ అరిగేది పిన్నూ, దాని బుష్షులూ. స్టీరింగు రాడ్ల చివర చిన్న జాయింట్లు ఉంటాయి కానీ అవి బండి బరువు మోయవు. ఇసుజు డీ-మ్యాక్స్ పద్ధతి వేరు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారవుతున్న పికప్ ఇది. దీనికి ముందు ఒక్కో చక్రం విడివిడిగా పైకీ కిందకీ ఆడుతుంది. ప్రతి చక్రానికీ పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, వాటి చివర్లలో ఒక్కో బాల్ జాయింటు. అంటే ముందు భాగంలో మొత్తం నాలుగు. 2016లోనే వచ్చిన మారుతి సూపర్ క్యారీది ఇంకో పద్ధతి. అందులో పైన స్ట్రట్ ఉంటుంది కనుక చక్రానికి కింది జాయింటు ఒక్కటే. బొలెరో కుటుంబంలో అయితే కొన్ని మోడళ్లకు ముందు కమాన్ కట్టలు, కొన్నింటికి కాయిల్ స్ప్రింగు. బండి పేరు చెప్పి సామాను కొనడం ఇక్కడే బెడిసికొడుతుంది. ఆర్సీ ఫోటో, ఛాసిస్ నంబరు, పాత జాయింటు మూడూ వెంట తీసుకుపోండి.

బాల్ జాయింటు పనిచేసే తీరు మన తుంటి కీలు లాంటిది. ఒక గిన్నెలో గుండు. గుండుకి పొడుగాటి కాడ. ఆ కాడ మొన వైపుకి సన్నబడుతూ పోతుంది, దాన్ని టేపర్ అంటారు. అది చక్రాన్ని మోసే నకిల్‌లోని రంధ్రంలో బిగుసుకుని కూర్చుంటుంది. గుండుకీ గిన్నెకీ మధ్య నున్నటి లైనరూ, గ్రీజూ ఉంటాయి. పైన రబ్బరు బూటు కప్పి ఉంటుంది. చక్రం గుంతలో దిగినా, మలుపులో తిరిగినా, రెండూ ఒకేసారి చేసినా గుండు గిన్నెలో అటూ ఇటూ తిరుగుతూ సర్దుకుంటుంది. 1952లో అమెరికాలో లింకన్ కార్లకూ, 1954లో మామూలు ఫోర్డు కార్లకూ ముందు చక్రాల దగ్గర ఈ ఏర్పాటు వచ్చింది. అంతకు ముందు కార్లకు కూడా కింగ్ పిన్నులే. వాటికి తరచూ గ్రీజు కొట్టించాల్సి వచ్చేది. బాల్ జాయింటుతో ఆ బాధ తగ్గింది. ఈ కాలపు జాయింట్లలో చాలా వాటికి గ్రీజు కొట్టే నిపుల్ ఉండదు. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజే చివరిదాకా.

చివరిదాకా అన్నది ఆ రబ్బరు బూటు బాగున్నంత కాలమే. ఈ మొత్తం కథలో అన్నిటికంటే చవకైన భాగం ఆ బూటే, ముందు పోయేదీ అదే. ఎండకు పగుళ్లు వస్తాయి. రాయి తగిలి చిన్న చీలిక పడుతుంది. వానాకాలం రైలు వంతెనల కింద నిలిచిన నీళ్లలో బండి వెళ్లినప్పుడు ఆ చీలికలోంచి బురద నీళ్లు లోపలికి చేరతాయి. నీళ్లతో పాటు ఇసుక రేణువులు. గ్రీజు ఇసుకతో కలిసిందంటే గుండుని అరగదీసే సానరాయి పిండిగా మారినట్టే. ఆ తర్వాత ప్రతి స్పీడ్ బ్రేకరూ, ప్రతి గుంతా గుండు నుంచి కాస్త కాస్త ఇనుము గీరేస్తూ పోతుంది. బరువు ఎక్కువైతే ఆ గీరుడు ఇంకా వేగంగా సాగుతుంది. సర్వీసింగుకి ఇచ్చినప్పుడల్లా బూట్లు చూడమని మెకానిక్‌కి చెప్పండి. బూటు చుట్టూ జిడ్డుగా గ్రీజు కారి దాని మీద దుమ్ము పట్టి కనిపిస్తే, జాయింటు ఇంకా శబ్దం చేయకపోయినా దాని రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

శబ్దం విషయానికి వస్తే, టకటక వినగానే బాల్ జాయింటు అని తేల్చేయకూడదు. షాక్ అబ్జార్బరు బుష్షు, స్టెబిలైజర్ లింకు, ఆర్మ్ బుష్షులు, వీల్ బేరింగు, టై రాడ్ ఎండ్ అన్నీ ముందు చక్రం దగ్గరే ఉంటాయి, అన్నీ ఏదో ఒక చప్పుడు చేస్తాయి. చప్పుడు విని సామాను మార్చే మెకానిక్ దగ్గర ఖర్చుకి అంతుండదు. పట్టి చూసి మార్చే మెకానిక్ కావాలి. ఆ పట్టి చూడటం ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను. ఓనరు కూడా పక్కన నిలబడి చూసుకోగలిగిన పని ఇది.

జాకీ ఎక్కడ పెడతారన్నది మొదటి సంగతి. స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే బండిలో జాకీ కింది ఆర్మ్ కిందే, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టి లేపాలి. అలా కాకుండా ఛాసిస్ కింద పెట్టి లేపితే స్ప్రింగు ఆర్మ్‌ని కిందకి తోస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి జాయింటు బిగుసుకుపోతుంది, లోపల ఎంత అరిగినా లూజు బయటపడదు. "ఏం లేదన్నా, బాగానే ఉంది" అని చెప్పి పంపించిన బండి నెల తిరక్కుండానే రోడ్డు మీద ఆగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. స్ట్రట్ ఉన్న బండికి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఛాసిస్ కిందే లేపి చక్రాన్ని వేలాడనివ్వాలి. ఏ బండినైనా జాకీ ఒక్కదాని మీద వదిలేయకుండా స్టాండు పెట్టిన తర్వాతే కిందికి చెయ్యి పోనివ్వాలి. వెనక చక్రాలకు అడ్డాలు కూడా పెట్టాలి.

చక్రం నేలకు కొద్దిగా ఎత్తులో ఉన్నప్పుడు టైరు కింద పొడుగాటి రాడ్డు దూర్చి మెల్లగా పైకి ఎత్తుతూ వదులుతారు. ఇంకొకరు కింది జాయింటు మీద వేలు ఆనించి ఉంచుతారు. నకిల్‌కీ ఆర్మ్‌కీ మధ్య కదలిక వేలికి తెలిసిపోతుంది. తర్వాత టైరుని గడియారంలో 12, 6 అంకెలున్న చోట రెండు చేతులతో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. ఊగితే అది బాల్ జాయింటు కావచ్చు, వీల్ బేరింగు కూడా కావచ్చు. అక్కడే ఒక మనిషిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కించండి. బ్రేకు తొక్కగానే ఊగడం ఆగిపోతే తప్పు బేరింగుది. బ్రేకు తొక్కినా అలాగే ఊగుతుంటే జాయింటుది. అదే టైరుని 3, 9 అంకెల దగ్గర పట్టుకుని ఊపినప్పుడు కదిలితే చాలావరకు టై రాడ్ ఎండ్. అయిదు నిమిషాలు పట్టే పరీక్ష ఇది. పైసా ఖర్చు ఉండదు. దీన్ని చేయకుండానే "నాలుగూ మార్చేద్దాం" అనేవాళ్ల దగ్గర బండి పెట్టకండి.

నాలుగింటిలో ఏది ముందు అన్నది బరువుని బట్టి ఉంటుంది. స్ప్రింగు కింది ఆర్మ్ మీద ఉంటే ముందు భాగం బరువంతా కింది జాయింటే మోస్తుంది. పై జాయింటు చక్రాన్ని నిలువుగా పట్టి ఉంచుతుంది. కిందిది విడిపోతే చక్రం బయటికి పడిపోయి బండి ముందు మూల నేలకు తాకుతుంది. ఎన్‌హెచ్ 44 మీద కొంపల్లి, మేడ్చల్ దాటి లోడుతో పోతున్నప్పుడు అది జరిగితే స్టీరింగు చేతిలో ఉన్నా లేనట్టే. అందుకే కింది జాయింటులో లూజు కనిపించిన బండిని ఇంకో ట్రిప్పుకి పంపకూడదని నేను గట్టిగా అంటాను. "ఈ వారం పెళ్లిళ్ల సీజను, కిరాయిలు బాగున్నాయి, వచ్చే వారం చూద్దాం" అనే మాట చాలామంది నోట వస్తుంది. ఆ కష్టం నాకు అర్థమవుతుంది. అయినా ఈ ఒక్క జాయింటు విషయంలో ఆ మాట వద్దు.

ఇక ఖర్చు. ఒక బండిని లెక్క కోసం తీసుకుందాం. ఇవి మార్కెట్ రేట్ల పట్టిక అనుకోకండి, లెక్క ఎలా వేయాలో చూపడానికి పెట్టుకున్న అంకెలు. మీ బండికి మీ అంకెలు వేసుకోండి. జాయింటు ఒకటి 900 రూపాయలనుకుంటే నాలుగింటికి 3,600. మెకానిక్ కూలి 1,800. అలైన్‌మెంటు 600. మొత్తం 6,000. కింది జాయింట్లు రెండే మార్చితే సామాను 1,800 అవుతుంది. కూలి కొంత తగ్గుతుంది. అలైన్‌మెంటు మాత్రం అంతే. ఎడమ పక్కది పోయిందంటే కుడి పక్కది కూడా అన్నే కిలోమీటర్లు, అవే గుంతలు చూసి ఉంటుంది. కాబట్టి కిందివి రెండూ జతగా మార్చడం మంచిది. పైవాటిలో లూజు లేకపోతే, బూట్లు బాగుంటే వాటి జోలికి పోనక్కర్లేదు. కానీ విప్పినప్పుడే ఆర్మ్ బుష్షులు చూసుకోవాలి. ఇవాళ జాయింట్లు, రెండు నెలలకు బుష్షులు అంటే కూలీ, అలైన్‌మెంటూ రెండుసార్లు పెట్టుకున్నట్టే.

కొన్ని బండ్లకు జాయింటు విడిగా దొరకదు. ఆర్మ్‌తో కలిపే కంపెనీ ఇస్తుంది. అప్పుడు సామాను ధర బాగా పెరుగుతుంది, కూలి మాత్రం తగ్గుతుంది, ఎందుకంటే ప్రెస్ పని ఉండదు. కొన్నింటికి ఫ్యాక్టరీ నుంచి జాయింటు రివెట్లతో వస్తుంది. రివెట్లు కోసి, కొత్తది బోల్టులతో బిగిస్తారు. కొన్ని హైడ్రాలిక్ ప్రెస్ మీద నొక్కి కూర్చోబెట్టేవి. దుకాణదారు అడిగే "ఏ సాలు మోడలు" ప్రశ్న వెనక ఈ తేడాలన్నీ ఉంటాయి.

పన్ను కూడా లెక్కలో ఉంటుంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఇలాంటి విడిభాగాల మీద 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతానికి దిగింది. పన్ను లేకుండా 1,000 రూపాయల సామాను ముందు 1,280కి వచ్చేది, ఇప్పుడు 1,180కి రావాలి. టైర్ల మీద కూడా 28 నుంచి 18కే తగ్గించారు. కౌంటరు దగ్గర ఈ తేడా అడిగి తీసుకోవడం మన హక్కు, బిల్లు లేకుండా కొంటే అడగడానికి వీలుండదు. బిల్లు తీసుకోండి. అందులో పార్టు నంబరు రాయించండి. కొత్త జాయింటు మూడు నెలలకే లూజయితే వారంటీ మాట ఎత్తడానికి చేతిలో ఉండేది ఆ కాగితమే.

"కంపెనీది కావాల్నా, మామూలుది చాలా" అన్న ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. బండి కంపెనీ పెట్టెలో వచ్చేది ఒకటి. ఆ తర్వాత స్టీరింగు, సస్పెన్షన్ సామాను తయారీలోనే పేరున్న కంపెనీలు ఉన్నాయి. చెన్నై రాణే వాళ్లున్నారు, జపాన్ నుంచి వచ్చే 555 ఉంది. బండి కంపెనీ పెట్టెకు బదులుగా అలాంటి పేరున్నది కొనుక్కోవడంలో తప్పు లేదు, ధర కలిసొస్తుంది. మూడో రకం ఉంది చూడండి, పేరు చదివితే తెలిసినట్టే ఉంటుంది, అక్షరాల్లో ఒకటి మారి ఉంటుంది, పెట్టె మీద చిరునామా ఉండదు. దాన్ని చేతిలోకి తీసుకుని కాడని తిప్పి చూడండి. కొత్త జాయింటు కాడ చేతికి గట్టిగా, ఒకే తీరుగా తిరగాలి. తేలిగ్గా వాలిపోతే, మధ్యలో పట్టినట్టు ఆగి ఆగి తిరిగితే వెనక్కి ఇచ్చేయండి. టేపర్ మీద గీతలు, మెడ దగ్గర గరుకుతనం ఉండకూడదు. బూటు అంచు గాడిలో సరిగా కూర్చుని రింగు బిగిసి ఉండాలి.

అంతకంటే ప్రమాదమైనది ఇంకోటి ఉంది. పాత జాయింటుని కోసి, లోపల కొత్త కప్పు పెట్టి, మళ్లీ మూసి "రీకండిషన్" అని ఇస్తారు. గిన్నె అంచుని సుత్తితో దగ్గరకి కొట్టి లూజు పోగొట్టినట్టు చూపించేవాళ్లూ ఉన్నారు. కొత్తదానిలో సగం ధరకే పని అయిపోతుంది. గుండు అరిగి కోడిగుడ్డులా మారాక దాని చుట్టూ కొత్త కప్పు పెడితే ఏం లాభం? తిన్నగా పోయేటప్పుడు బిగుతుగా ఉంటుంది, మలుపులో పట్టేస్తుంది లేదా వదులవుతుంది. కొట్టిన అంచుకి పగులు పట్టిందో లేదో కంటికి కనపడదు. టైరు రీట్రెడ్ చేయించుకోండి, స్టార్టర్ మోటారు రీవైండింగు చేయించుకోండి, ఆ పనుల్లో మన షెడ్ల మేస్త్రీల చేతిపని గొప్పది. బరువు మోసే బాల్ జాయింటుని మాత్రం రీకండిషన్ చేయించకండి.

మంచి సామాను తెచ్చినా బిగించే చెయ్యి మంచిది కాకపోతే డబ్బు వృథా. పాత జాయింటు నకిల్‌లోంచి ఊడదీసేటప్పుడు టేపర్ పట్టేసి ఉంటుంది. కొందరు కాడ చివర మీద నేరుగా సుత్తితో బాదుతారు. కాడ పుట్టగొడుగులా విచ్చుకుని ఇంకా బిగుసుకుంటుంది. తెలిసిన మేస్త్రీ నట్టు కొద్దిగా వదులు చేసి అలాగే ఉంచి, నకిల్ కన్ను పక్కన ఒక దెబ్బ వేస్తాడు. కన్ను క్షణం పాటు గుండ్రం తప్పుతుంది, టేపర్ టప్పుమని వదిలేస్తుంది. వదులు చేసిన నట్టు అలా ఉంచడం వల్ల ఆర్మ్ ఒక్కసారిగా ఎగిరిపడదు. స్ప్రింగులో ఎంత బలం దాగి ఉంటుందో తెలిసినవాడు కింది ఆర్మ్ కింద జాకీ తీయడు. కొత్తది పెట్టేటప్పుడు టేపర్, రంధ్రం రెండూ పొడి గుడ్డతో శుభ్రంగా తుడవాలి. అక్కడ గ్రీజు రాయకూడదు. నట్టుని టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పినంత బిగించాక, స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టు ఇంకొంచెం ముందుకి తిప్పి కలపాలి తప్ప వెనక్కి తిప్పకూడదు. పిన్ను కొత్తదే వేయాలి. రూపాయల్లో దొరికే పిన్ను అది. పాతదాన్ని తిన్నగా వంచి మళ్లీ దూర్చే షెడ్డుని చూస్తే నాకు మిగతా పని మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంత పని చేసే మనిషికి ఇచ్చే కూలి దగ్గర గంటసేపు బేరమాడటం సరికాదు. సామాను కొన్న దుకాణంలో అడిగినంత ఇచ్చి, మెకానిక్ దగ్గర 300 తగ్గించమని పట్టుబట్టే ఓనర్లని చూస్తుంటాం. ఆ మూడు వందలతో మెకానిక్‌కి టార్క్ రెంచ్ తీసే ఓపిక పోతుంది. చిన్న షెడ్డుకి ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయం ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కూలి మీద 18 శాతం కలవదు. పెద్ద సర్వీసు సెంటరుతో పోలిస్తే అక్కడే మీకు మిగిలింది. ఆ మిగిలినదాంట్లోంచి పనికి సరైన కూలి ఇవ్వండి, పని పక్కన నిలబడి చేయించుకోండి.

అలైన్‌మెంటు చాలామంది ఎగ్గొట్టే ఖర్చు. "స్టీరింగు తిన్నగానే ఉంది కదా" అంటారు. కొత్త జాయింటు పెడితే చక్రం నిలిచే కోణం మారుతుంది. చక్రాలు రెండూ ముందు వైపు కొద్దిగా విచ్చుకున్నా, ముడుచుకున్నా రోడ్డు మీద టైరు దొర్లుతూనే పక్కకి రాసుకుంటూ పోతుంది. లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూస్తే ఒక వైపు నున్నగా, ఒక వైపు గరుగ్గా తగులుతుంది. అరిగిన జాయింటుతో నడిపిన బండిలో కూడా ఇదే జరుగుతుంది. టైరు బయటినుంచి చూస్తే గుండీలు బాగానే కనిపిస్తాయి, లోపలి అంచు దారాలు తేలి ఉంటుంది. మనం పైన వేసుకున్న లెక్కలో అలైన్‌మెంటు 600. పికప్ టైరు ఒక్కటి 6,000 అనుకుంటే జత 12,000. మొత్తం మరమ్మతుకి రెట్టింపు డబ్బు టైర్ల రూపంలో రోడ్డు మీద అరిగిపోయింది. దీనికి తోడు బండి దారిలో ఆగితే క్రేన్ ఖర్చు, సరుకు ఇంకో బండిలోకి మార్చిన కూలి, పాడైన టమాటాకి వ్యాపారి కోసుకునే డబ్బు.

ఇన్సూరెన్సు ఉంది కదా అనుకునేవాళ్లకి ఒక మాట. మన మోటారు పాలసీలు వాడకంలో వచ్చే అరుగుదలనీ, యంత్రం తనంతట తాను చెడిపోవడాన్నీ కవర్ చేయవు. అరిగిన జాయింటు ఖర్చు ఎప్పుడూ ఓనరుదే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద కూడా మొత్తం భారం పెట్టకండి. సరుకు బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. రెండు ఫిట్‌నెస్‌ల మధ్య బోయిన్‌పల్లికి రోజూ తిరిగే బండి జాయింటు అరగడానికి బోలెడంత సమయం ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మనం వేసుకున్న 6,000 రూపాయల మరమ్మతు, జాయింట్లు 60,000 కిలోమీటర్లు వస్తాయనుకుంటే, కిలోమీటరుకి 10 పైసలు. రోజుకి 100 కిలోమీటర్లు తిరిగే బండికి రోజుకి 10 రూపాయలు. ఒక చాయ్ డబ్బులు కూడా కావు. మరి ఇంత చిన్న ఖర్చు వచ్చిన రోజున ఆ మనిషి చేతులు ఎందుకు వణుకుతున్నాయి? కిరాయి మాట్లాడుకునేటప్పుడు డీజిల్ లెక్క ఉంది, కిస్తీ లెక్క ఉంది, హమాలీ లెక్క ఉంది, టోల్ ఉంటే అదీ ఉంది. ఆ 10 రూపాయలు మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తీసుకోని 10 రూపాయలు రెండేళ్లు పోగై ఒకే రోజు 6,000 అయి ఎదురొచ్చాయి.

ఇందులో లోడు ఎక్కించే వ్యాపారి వాటా కూడా ఉంది. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. కిరాయి ట్రిప్పుకి మాట్లాడతారు, బరువుకి మాట్లాడరు. టన్నుంబావు మోయాల్సిన బండి మీద రెండు టన్నులు వేయించి, "ఇంకో పది క్రేట్లే కదా" అంటారు. ఆ పది క్రేట్ల లాభం వ్యాపారికి పోతుంది. వాటి బరువు కమాన్ల మీద, జాయింట్ల మీద, టైర్ల మీద పడుతుంది. ఆ అరుగుదల ఓనరు ఒక్కడే కడతాడు. కాదంటే రేపు ఇంకో బండి పిలుస్తారు. ఒక్క డ్రైవరు ఎదురు చెప్పలేడు, అది నిజం. ఒకే అడ్డా మీద నిలబడే బండ్ల వాళ్లంతా కలిసి, ఇంత బరువు దాటితే క్రేటుకి ఇంత అని ఒక రేటు పెట్టుకుంటే వ్యాపారి కూడా వింటాడు. డీజిల్ ధర పెరిగినప్పుడు కిరాయిలు పెంచుకోవడం అందరూ కలిసే చేస్తున్నారు కదా. అరుగుదల విషయంలో కూడా అదే చేయొచ్చు.

ఈ ప్రాంతానికి పికప్‌లూ చిన్న లారీలూ నిన్న మొన్న వచ్చినవి కావు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్ కలిసి జహీరాబాద్‌లో చిన్న సరుకు బండ్లు తయారు చేశాయి. ఆ కర్మాగారమే తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. బండి తయారయ్యే చోటూ, సామాను దొరికే బజారూ, బాగుచేసే షెడ్లూ అన్నీ మన చుట్టూ ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్ నుంచి మన రాణిగంజ్ దాకా ఈ పని తెలిసిన చేతులకి కొదవ లేదు. ఓనరు దగ్గర ఒక చిన్న నోటుబుక్కు ఉంటే చాలు. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ జాయింటు, ఏ కంపెనీది వేశారో రాసుకోవాలి. రోజూ కిరాయి డబ్బుల్లోంచి 10, 20 రూపాయలు అరుగుదల కింద పక్కన పెట్టాలి. బండి పెద్దదైతే, సామాను ఖరీదైనదైతే ఆ అంకె పెంచుకోవాలి.

కొత్త జాయింట్లు వేయించిన తర్వాత ఒకటి మర్చిపోవద్దు. ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక బండిని మళ్లీ అదే మేస్త్రీ దగ్గరికి తీసుకుపోండి. కొత్త టేపర్ రంధ్రంలో కుదురుకునేటప్పుడు కొద్దిగా సర్దుకుంటుంది. ప్రెస్ మీద కూర్చోబెట్టినది కదిలిందేమో, బోల్టుల బిగువు తగ్గిందేమో, స్ప్లిట్ పిన్ను ఉన్న చోటే ఉందో లేదో, బూటు మెలిక పడిందేమో చూసి పంపిస్తాడు. పనిలో పనిగా టైరు లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూడమనండి. పాత జాయింట్లు షెడ్డులో వదిలిపెట్టకుండా అడిగి తెచ్చుకోండి. వచ్చేసారి రాణిగంజ్ కౌంటరు దగ్గర మోడలు చెప్పడం కంటే అవి చూపించడం తేలిక.